మినీలో ఇంజన్ మారుస్తున్నారా? బీమా, ఎంఓటీ, లాగ్‌బుక్ సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీరు బ్రిటన్‌లో ఉంటున్నారు. 1989లో రిజిస్టరైన పాత మినీ మీది, 998 సీసీ. దానికోసం 1985 నాటి ఎంజీ మెట్రో కారు నుంచి తీసిన 1275 సీసీ ఇంజన్ కొన్నారు. గ్యారేజీలో విప్పి బాగుచేయించారు కానీ ఇంకా కారులో బిగించలేదు. వచ్చే నెలలో ఎంఓటీ పరీక్ష, అంటే ఏటా జరిగే వాహన భద్రతా తనిఖీ, ఉంది. ఎంఓటీ పాసైతే సరిపోదా, బీమా కంపెనీకి వేరుగా చెప్పాలా, రోడ్డు ట్యాక్స్ మారనప్పుడు వాహనాల రిజిస్ట్రేషన్ చూసే డీవీఎల్‌ఏకు రాయడం దేనికి అని అడిగారు. పాత ఇంజన్ మీది నంబరు రేకు ఊడదీసి కొత్తదానికి తగిలిస్తే ఏ గొడవా ఉండదని మీ మిత్రుడు చెప్పిన సలహా కూడా రాశారు.

ముందు ఆ సలహాను చెత్తబుట్టలో వేయండి. చెప్పడం మరిచిపోవడం ఒక తప్పు, దాచడం మరో తప్పు. మొదటిదానికి చట్టం కొంత జాలి చూపుతుంది, రెండోదానికి చూపదు. రేకు మార్చిన క్షణంలో మీరు మొదటి గుంపు నుంచి రెండో గుంపులోకి వెళ్లిపోతారు. పైగా ఆ రేకు ఎవరినీ మోసం చేయలేదు. నేను చాలా ఏళ్లు ఎంఓటీ పరీక్షలు చేశాను, ఆ తరువాత ప్రమాదాల్లో దెబ్బతిన్న కార్లను బీమా క్లెయిమ్‌ల కోసం పరిశీలించాను. 998 ఇంజన్, 1275 ఇంజన్ పక్కపక్కన చూసినవాడికి రేకుతో పనిలేదు. కొత్త రివెట్ల మెరుపు చూస్తే అసలు అనుమానం లేనివాడికి కూడా అనుమానం పుడుతుంది.

ఇక అసలు సంగతి. మీరు మూడు చోట్ల మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. వాటిని ఒకే ప్రశ్న అనుకోవడం వల్లే ఈ తికమక. ఈ కారు ఏమిటి అని డీవీఎల్‌ఏ అడుగుతుంది. ఈ రోజు ఈ కారు రోడ్డు మీద తిరగడానికి కనీస భద్రతతో ఉందా అని ఎంఓటీ చూస్తుంది. ఈ కారుకు ప్రమాదం జరిగితే తనమీద ఎంత భారం పడుతుంది అని బీమా కంపెనీ లెక్క వేసుకుంటుంది. ఒకచోట చెప్పిన జవాబు మరో చోటికి దానంతటదే చేరదు.

ఎంఓటీ గురించి చాలామందికి ఉన్న భ్రమ పెద్దది కాబట్టి దానితో మొదలుపెడతాను. పరీక్షకుడు మీ ఇంజన్ నంబరును లాగ్‌బుక్‌తో, అంటే కారు రిజిస్ట్రేషన్ పత్రంతో, పోల్చి చూడడు. ఇంజన్, క్లచ్, గేర్‌బాక్స్ ఎంత బాగున్నాయన్నది అసలు ఎంఓటీ పరిధిలోకే రాదు. ప్రభుత్వం ఈ మాట స్పష్టంగానే చెబుతుంది. కాబట్టి 'ఎంఓటీ పాసయింది' అంటే 'ఇంజన్ మార్పును ఎవరో అధికారికంగా ఒప్పుకున్నారు' అని అర్థం కాదు. పరిశీలనకు వెళ్లినప్పుడు యజమానులు నా చేతిలో ఎంఓటీ కాగితం పెట్టి 'అంతా సక్రమమే కదా' అన్న సందర్భాలు ఎన్నో ఉన్నాయి. ఆ కాగితం ఆ రోజు ఆ గంటకు బ్రేకులు, లైట్లు, టైర్లు, పొగ వంటివి సరిగ్గా ఉన్నాయని మాత్రమే చెబుతుంది.

అలాగని ఎంఓటీకి ఇంజన్ మార్పుతో సంబంధమే లేదనుకోకండి. పొగ పరీక్ష దగ్గర సంబంధం ఉంది, మీ విషయంలో అది ఆసక్తికరంగా కూడా ఉంది. 2002 సెప్టెంబరు 1కి ముందు మొదటిసారి రోడ్డెక్కిన కారులో వేరే ఇంజన్ ఉంటే, కారు, ఇంజన్ ఈ రెంటిలో ఏది పాతదో దాని కాలపు ప్రమాణాలతో పొగను కొలవాలి. ఆ తేదీన గానీ ఆ తరువాత గానీ రోడ్డెక్కిన కార్లకు ఈ వెసులుబాటు లేదు. ఏ ఇంజన్ పెట్టినా కారు వయసు ప్రకారమే కొలుస్తారు. మీ మినీ 1989ది. 1986 ఆగస్టు 1 నుంచి 1992 జూలై 31 మధ్య రోడ్డెక్కిన పెట్రోలు కార్లకు కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3.5 శాతం. 1975 ఆగస్టు 1 నుంచి 1986 జూలై 31 వరకు ఉన్నవాటికి 4.5 శాతం. హైడ్రోకార్బన్‌ల పరిమితి రెండింటికీ ఒకటే, 1200 పీపీఎం. మీ ఇంజన్ 1985ది కాబట్టి మీకు 4.5 శాతం వర్తిస్తుంది. అయితే ఇంజన్ 1985దని రుజువు చూపించాల్సింది మీరే. పరీక్షకుడు కంప్యూటరులో 1989 అని చూస్తాడు, 3.5 దగ్గర గీత గీస్తాడు. నోటిమాట చెల్లదు.

నిజానికి కార్బ్యురేటర్ సరిగ్గా సర్దిన 1275 ఇంజన్ 3.5 లోపలే హాయిగా ఉంటుంది. 4.5 వెసులుబాటు కావాల్సి వచ్చిందంటే సర్దుబాటు చేసేవాడు ఇంటికి తొందరపడ్డాడని నా అభిప్రాయం. అయినా కాగితం దగ్గర ఉంచుకోండి.

పొగ కాకుండా, ఇంజన్ మార్చిన కార్లు పరీక్షలో తప్పేది ఇంజన్ వల్ల కాదు, దాని చుట్టూ ఉన్నవాటి వల్ల. ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంటింగులు వదులుగా ఉండటం, పెట్రోలు గొట్టం ఎగ్జాస్టుకు ఆనుకుని పోవడం, ఎగ్జాస్టు జాయింట్ దగ్గర గాలి లీకవడం, ఇంజన్ దించేటప్పుడు బ్రేకు పైపు వంగిపోవడం, ఇవీ నేను పదేపదే చూసినవి. 2018 మే 20 నుంచి లోపాలను ప్రమాదకరం, పెద్దది, చిన్నది అని మూడు రకాలుగా విడదీస్తున్నారు. పెట్రోలు కారడం వంటిది ప్రమాదకరం కింద పడితే కారును అక్కడి నుంచి నడుపుకుంటూ ఇంటికి తీసుకుపోవడం చట్టవిరుద్ధం. మరో సంగతి: 2021 సెప్టెంబరు నుంచి బంకుల్లో మామూలు పెట్రోలు ఈ10. అందులో పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. పాతకాలపు రబ్బరు గొట్టాలను అది మెత్తబరిచి పగలగొడుతుంది. ఇంజన్‌తో పాటు వచ్చిన గొట్టాలు మెట్రో నాటివే అయితే, అవి ఎంత అందంగా కనిపించినా పారేయండి. ఇథనాల్ ఐదు శాతం మించని ఈ5 పోయించుకోండి. మీ పాత, కొత్త ఇంజన్లు రెండూ ఎ-సిరీస్ రకమే; ఎ-సిరీస్ ఇంజన్ నూనె చుక్కలు రాల్చకుండా ఉండదని అందరికీ తెలుసు, పరీక్షకులకూ తెలుసు. చుక్కను క్షమిస్తారు, ధారను క్షమించరు.

ఇప్పుడు డీవీఎల్‌ఏ. ట్యాక్స్ మారదన్న మీ లెక్క సరైనదే. 2001 మార్చి 1కి ముందు రిజిస్టరైన కార్లకు ట్యాక్స్ ఇంజన్ పరిమాణాన్ని బట్టి రెండు తరగతులు, గీత 1549 సీసీ దగ్గర ఉంది. 998, 1275 రెండూ గీతకు ఇటువైపే. కానీ లాగ్‌బుక్, అంటే వీ5సీ, ట్యాక్స్ రసీదు కాదు. అందులో ఇంజన్ నంబరు, సీసీ రెండూ రాసి ఉంటాయి. ఏది మారినా తెలియజేయాలి. ఒకే సీసీ, ఒకే రకం ఇంజన్ పెట్టినా నంబరు మారుతుంది కాబట్టి తెలియజేయాల్సిందే. ఇది ఆన్‌లైన్‌లో కాదు. వీ5సీ మీదే మార్పు రాసి, రుజువు జతచేసి, స్వాన్సీలోని డీవీఎల్‌ఏకు పోస్టులో పంపాలి. రుజువుగా కొత్త ఇంజన్ కొన్న రసీదు, తయారీదారు రాసిచ్చిన కాగితం, బీమా కోసం చేయించిన తనిఖీ నివేదిక, వీటిలో ఏదైనా సరిపోతుంది. మీరు కారు కొనకముందే ఇంజన్ మారి ఉంటే గ్యారేజీ లెటర్‌హెడ్ మీద రాయించుకున్న ధ్రువీకరణ పనికొస్తుంది. పంపేముందు ప్రతి పేజీ ఫోనులో ఫోటో తీసుకోండి. కొత్త వీ5సీ వచ్చే వారాల్లో ఎవరైనా అడిగితే చూపించడానికి మీ దగ్గర ఇంకేమీ ఉండదు.

కొందరికి మరో భయం ఉంటుంది: ఇంత మార్చితే కారు తన గుర్తింపే కోల్పోయి, క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ప్లేటు వస్తుందేమో అని. మీకు ఆ ముప్పు లేదు. బాగా మార్చిన వాహనాలకు డీవీఎల్‌ఏ 2025 ఆగస్టు దాకా పాయింట్ల లెక్క వాడేది. ఛాసిస్‌కు, లేదా మోనోకాక్ బాడీకి (విడి ఛాసిస్ లేకుండా బాడీయే చట్రంగా ఉండేది) 5, సస్పెన్షన్, ఇరుసులు, ట్రాన్స్‌మిషన్, స్టీరింగ్‌లకు తలా 2, ఇంజన్‌కు 1. అసలు బాడీతో కలిపి 8 పాయింట్లు నిలిస్తే పాత నంబరు నిలిచేది. మినీలో ఇంజన్, గేర్‌బాక్స్ ఒకదానిమీద ఒకటి కూర్చుని ఒకే నూనె తాగుతాయి కాబట్టి మీరు మెట్రో గేర్‌బాక్స్ కూడా పెట్టారనే అనుకుందాం. ఆ లెక్కలో కూడా పోయేది 3, మిగిలేది 11. అప్పట్లో అసలు చిక్కు బాడీని కోసేవాళ్లకు. మోనోకాక్‌ను కోసి, అతికి, మార్చారా, మిగతా పాయింట్లు ఎన్ని ఉన్నా లాభం ఉండేది కాదు; ఇప్పుడు పాత నంబరు నిలుస్తుంది, కానీ అలాంటి మార్పును డీవీఎల్‌ఏకు తప్పక తెలియజేయాలి. మినీ ముక్కు కోసి హోండా ఇంజన్ ఇరికించేవాళ్లు ఈ వాక్యం రెండుసార్లు చదవాలి.

2029లో మీ కారుకు నలభై ఏళ్లు నిండుతాయి. అప్పుడు ఎంఓటీ మినహాయింపు అడగవచ్చు, గత ముప్పై ఏళ్లలో కారును గణనీయంగా మార్చి ఉండకపోతే. అదే మూల ఇంజన్‌లో వేరే సీసీని గణనీయమైన మార్పుగా లెక్కించరని రవాణా శాఖ మార్గదర్శకాలు చెబుతున్నాయి. సిలిండర్ల సంఖ్య మారితే అనుమానం మొదలవుతుంది. మీరు నాలుగు తీసి నాలుగే పెడుతున్నారు, అదీ ఎ-సిరీస్ తీసి ఎ-సిరీసే. కాబట్టి నిశ్చింతగా ఉండండి.

ఇక బీమా. డబ్బు పోయేది ఇక్కడ, కాబట్టి కాస్త ఓపికగా చదవండి.

బీమా కంపెనీ దృష్టిలో మీరు చేస్తున్నది మరమ్మతు కాదు, మార్పు. 998 ఇంజన్ శక్తి నలభై బీహెచ్‌పీ చుట్టుపక్కల. ఎంజీ మెట్రో 1275 కొత్తగా ఉన్నప్పుడు 72. కారు బరువు ఇంచుమించు అంతే, శక్తి దాదాపు రెట్టింపు. ఇది చెప్పనవసరం లేని చిన్న విషయమని ఏ ఒంబుడ్స్‌మన్ ముందూ వాదించి గెలవలేరు. పాలసీ మధ్యలో మార్పు చేస్తే వెంటనే చెప్పాలన్న షరతు మీ పాలసీ పుస్తకంలో తప్పకుండా ఉంటుంది, వెతకండి. అది మీరు చూడకపోయినా, రెన్యువల్ రోజున 'కారులో మార్పులేమైనా చేశారా' అన్న ప్రశ్న ఎదురవుతుంది. ఆ రోజు 'లేదు' అని నొక్కితే అది తప్పుడు జవాబు అవుతుంది.

ఆ జవాబుకు ఫలితం ఏమిటో 2012 నాటి వినియోగదారుల బీమా చట్టం చెబుతుంది. అది 2013 ఏప్రిల్ 6 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు ముఖ్యమైన సంగతి ఏది దాగినా పాలసీ మొత్తం రద్దు చేసే అధికారం కంపెనీకి ఉండేది. ఇప్పుడు మీ తప్పు ఏ రకమో చూస్తారు. అజాగ్రత్తగా తప్పు చెప్పి ఉంటే, నిజం తెలిస్తే కంపెనీ ఏం చేసి ఉండేదో అదే కొలత. ఎక్కువ ప్రీమియం అడిగి ఉండేదనుకోండి, ఆ నిష్పత్తిలో క్లెయిమ్ తగ్గిస్తుంది. మీరు 400 పౌండ్లు కట్టారు, నిజం చెబితే 500 అయ్యేది అనుకుందాం. 3,000 పౌండ్ల నష్టానికి 2,400 చేతికొస్తాయి. అసలు పాలసీయే ఇచ్చి ఉండేది కాదంటే, ప్రీమియం వెనక్కి ఇచ్చి చేతులు దులుపుకుంటుంది. కావాలని తప్పు చెప్పారని తేలితే క్లెయిమ్ ఇవ్వదు, ప్రీమియం కూడా ఉంచుకోవచ్చు. రేకు మార్చాలన్న ఆ సలహా మిమ్మల్ని ఏ గదిలోకి నెడుతుందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

'అయితే నా బీమా చెల్లదు, ఎవరినైనా గుద్దితే వాళ్లకు ఏమీ రాదు' అన్న భయం కూడా వింటూ ఉంటాను. అది నిజం కాదు. 1988 రోడ్డు ట్రాఫిక్ చట్టం 148వ సెక్షన్‌లో ఒక జాబితా ఉంది: బీమా కంపెనీ పాలసీలో ఏ పరిమితులు పెట్టినా తప్పనిసరి థర్డ్ పార్టీ బాధ్యత నుంచి తప్పించుకోలేని అంశాలవి. వాహనం స్థితి అందులో ఉంది. గుర్రపు శక్తి, సిలిండర్ సామర్థ్యం కూడా పేరుపేరునా ఉన్నాయి. చట్టం రాసినవాళ్లు మీలాంటి వాళ్లను ముందే ఊహించారన్నమాట. కాబట్టి అవతలివాడికి న్యాయం జరుగుతుంది. కానీ అదే సెక్షన్ కింద కంపెనీ ఆ డబ్బును మీ దగ్గర వసూలు చేసుకోవచ్చు. మనిషికి తగిలిన గాయాల ఖర్చు మినీ ధరకు ఎన్ని రెట్లో లెక్క వేయకండి, నిద్ర పట్టదు. దానికి తోడు కంపెనీ మీ పాలసీ రద్దు చేస్తే, 'ఎప్పుడైనా మీ పాలసీ రద్దయిందా' అని ఆ తరువాత అడిగే ప్రతి కంపెనీకీ అవునని చెప్పాల్సి వస్తుంది. ఆ అవును ధర అధిక ప్రీమియం రూపంలో ఏళ్ల తరబడి కడతారు.

నేను చూసిన ఒక కేసు చెబుతాను. చిన్న హ్యాచ్‌బ్యాక్, అందులో 1.4 తీసి 1.8 పెట్టారు. పక్కనుంచి వచ్చి గుద్దినవాడిదే పూర్తి తప్పు. అయినా తన కారు మరమ్మతు త్వరగా కావాలని యజమాని తన సొంత బీమా ద్వారానే క్లెయిమ్ పెట్టాడు. బానెట్ ఎత్తగానే సంగతి తెలిసింది, నివేదికలో రాశాను. అతను ఫోనులో చెప్పానన్నాడు, కంపెనీ రికార్డులో ఏమీ లేదు. చివరికి తన పాత ఈమెయిళ్లలో ఒక్క వాక్యం దొరికింది: ఇంజన్ మార్చిన సంగతిని తమ దృష్టికి తెచ్చినందుకు ధన్యవాదాలు అని. ఆ ఒక్క వాక్యం అతని క్లెయిమ్ మొత్తాన్ని నిలబెట్టింది. అప్పటి నుంచి నేను ఎవరికైనా చెప్పేది ఇదే: ఫోనులో మాట్లాడండి, కానీ మాట్లాడిన దాన్ని అదే రోజు ఈమెయిల్ చేసి, జవాబు రాబట్టుకోండి.

కంపెనీ ఏం అడుగుతుంది? కొత్త సీసీ, శక్తి ఎంత, ఎవరు బిగించారు, ఇంజనీరు నివేదిక ఉందా, బ్రేకులు మార్చారా. 1984 తరువాత మినీలన్నింటికీ ముందు 8.4 అంగుళాల డిస్క్ బ్రేకులు ఉన్నాయి కాబట్టి ఆ ప్రశ్నకు మీ జవాబు మరీ బలహీనంగా ఉండదు. అయినా ప్యాడ్లు, డిస్కులు ఈ పనిలోనే కొత్తవి వేయించి బిల్లు ఉంచుకోండి. శక్తి ఎంత అని అడిగితే డాంబికంగా వంద అనకండి, భయపడి నలభై అనీ అనకండి. రోలింగ్ రోడ్డు (ఇంజన్ శక్తిని చక్రాల దగ్గర కొలిచే యంత్రం) మీద కొలిపించిన కాగితం ఉంటే అది ఇవ్వండి, లేకపోతే మార్పులేమీ లేని ఎంజీ మెట్రో ఇంజన్, తయారీదారు చెప్పిన లెక్క 72 అని చెప్పండి. క్యామ్‌షాఫ్ట్ మార్చి ఉంటే అదీ చెప్పండి. గేర్‌బాక్స్ మెట్రోదైతే దాన్ని కూడా వదలకండి.

పెద్ద కంపెనీల కంప్యూటర్లు ఇలాంటి మార్పు వినగానే కుదరదు అనడం మామూలే. అది మీ మీద కోపం కాదు, వాటి ఫారంలో ఆ గడి లేదంతే. పాత కార్లకు ప్రత్యేకంగా పాలసీలు ఇప్పించే బ్రోకర్లు ఉన్నారు. మినీలో 1275 అంటే వాళ్లకు రోజూ వినే మాట. వాళ్ల దగ్గర ముందే ఒప్పుకున్న విలువకు బీమా అడగండి. ఇంజన్ మీద మీరు పెట్టిన ఖర్చు మార్కెట్ విలువ లెక్కలో కనిపించదు, ఒప్పుకున్న విలువలో కనిపిస్తుంది. దానికి ఫోటోలు, బిల్లులు కావాలి. కంపెనీతో తగాదా వస్తే వాళ్లకు ఎనిమిది వారాల గడువు ఇచ్చి, ఆ తరువాత ఫైనాన్షియల్ ఒంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. కంపెనీ తుది జవాబు ఇచ్చిన నాటి నుంచి ఆరు నెలల్లోపు వెళ్లాలి.

ఈ అన్నిటికీ పనికొచ్చే కాగితం ఒకటుంది: ఇంజన్ కొన్న రసీదు. మీ దగ్గర ఉన్నది 'ఇంజన్, నగదు చెల్లించారు' అని గీకిన చీటీ అయితే, అమ్మినవాడి దగ్గరకు ఇంకోసారి వెళ్లండి. ఇంజన్ నంబరు, 1275 సీసీ అన్న మాట, అది తీసిన మెట్రో రిజిస్ట్రేషన్ నంబరు, ఆ కారు ఏ సంవత్సరానిదో, తేదీ, అమ్మినవాడి పేరు, సంతకం రాయించుకోండి. డీవీఎల్‌ఏకు అది రుజువు, ఎంఓటీ దగ్గర ఇంజన్ వయసుకు ఆధారం, బీమా కంపెనీకి మీరు చెప్పింది నిజమన్న సాక్ష్యం. ఇంజన్ దొంగిలించింది కాదన్న ధైర్యం కూడా అందులోనే ఉంది. ఇంజన్ బిగించకముందే నంబరు రేకు స్పష్టంగా కనిపించేలా ఫోటో తీయండి. కారులో కూర్చున్నాక రేడియేటర్, ఆల్టర్నేటర్‌ల మధ్య తల దూర్చి తీయడం మెడనొప్పి పని.

మీకున్న నెల రోజుల్లో వరుస ఇలా పెట్టుకోండి. ఈ వారమే బీమా కంపెనీకి ఫోను, ఈమెయిల్. వాళ్లు ఒప్పుకున్నాక, ఏ తేదీ నుంచి కొత్త ఇంజన్‌కు కవరేజీ అని రాతపూర్వకంగా తీసుకుని, ఆ తరువాత ఇంజన్ బిగించండి. పని చాలా వారాలు సాగి కారు రోడ్డెక్కకపోతే సోర్న్, అంటే కారును రోడ్డు మీద వాడటం లేదని డీవీఎల్‌ఏకు, ప్రకటించవచ్చు. కానీ బీమా ఆపేసి, సోర్న్ ప్రకటించకుండా ఉంచకండి, 2011 నుంచి అదే ఒక నేరం. ఇక్కడ చాలామంది జారిపడే మెట్టు ఒకటుంది. ఎంఓటీ గడువు తీరిపోయినా ముందే సమయం తీసుకున్న పరీక్షకు కారు నడుపుకుంటూ వెళ్లడానికి చట్టం ఒప్పుకుంటుంది. బీమాకు అలాంటి మినహాయింపు లేదు. కొత్త ఇంజన్‌తో మీరు వెళ్లే మొదటి ప్రయాణం పరీక్షా కేంద్రానికే కావచ్చు. ఆ దారిలో కూడా కొత్త ఇంజన్ సంగతి తెలిసిన పాలసీ ఉండాలి. పరీక్ష రోజున కౌంటర్ దగ్గరే ఇంజన్ మారిందని చెప్పి రసీదు చూపించండి. ఎవరూ కోప్పడరు, పొగ కొలిచేవాడు సరైన గీత వాడతాడు. బిగించిన రోజునే వీ5సీ పోస్టు చేయండి.

పాత 998ని ఏం చేయాలో మీరు అడగలేదు. వీలైతే ఉంచుకోండి, నూనె పోసి, స్పార్క్ ప్లగ్గుల రంధ్రాలు మూసి, తడి తగలని మూల పెట్టండి. అమ్మాలనుకుంటే కొత్త వీ5సీ చేతికొచ్చాకే అమ్మండి, దాని రేకు దానికే ఉంచండి, కొన్నవాడికి నంబరు రాసిన రసీదు ఇవ్వండి. రేపు ఆయన కూడా ఇవే కాగితాల కోసం వెతుక్కుంటాడు.